రెండో కాటు

పుంటా అరేనస్‌లో గాలికి తాళ్ళు కడతారు.
గాలిని ఆపడానికి కాదు,
వీధి మలుపుల్లో మనుషులు పట్టుకుని నిలబడడానికి.
అలాంటి ఒక మధ్యాహ్నం
ఫాబియోలా వ్యాను వెనక తలుపు తీసి
"మూడు వారాలే, నెల్దా" అంది.
లోపల పదిహేడో నంబరు బోను.
బోనులో చీకటి, ఆ చీకటికి రెండు కళ్ళు.

మొరిగే కుక్క కరవదంటారు.
ఇది మొరగదు.

ఎక్కడిదో ఎవరికీ సరిగ్గా తెలియదు.
గొర్రెల ఎస్టేటులో ఏళ్ళ తరబడి కట్టేశారని ఒకరు,
రేవులో ఓడవాళ్ళు వదిలేశారని ఇంకొకరు.
మెడ చుట్టూ వెంట్రుక మొలవని వలయం మాత్రం
మాట మార్చదు.

చెయ్యి పైనుంచి దిగకూడదు.
చీపురు దాని కంట పడకూడదు.
నా ఇంట్లో బెల్టు పెట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు,
అయినా కంచె అవతల ముసలి దుష్కో నడుం సర్దుకుంటే చాలు
వంటగది బల్ల కింద నేల గరగరలాడేది.
గిన్నె పెట్టి వెనక్కి వెనక్కి నడిచేదాన్ని,
గర్భగుడి ముందు నుంచి వచ్చేవాళ్ళలా, వీపు తిప్పకుండా.

తొమ్మిదో రోజు మరిచిపోయాను.
పడిపోయిన చెంచా కోసం వంగాను, అంతే.
ఎడమ చెయ్యి, ఏడు కుట్లు.
ఫాబియోలా కాగితం మీద రాసుకుంది: ఒకటి.
పెన్నుకు మూత పెడుతూ, నా వంక చూడకుండా,
"రెండైతే డాక్టరు సూది తెస్తాడు, తెలుసుగా" అంది.

నేను పీతల ఫ్యాక్టరీలో పనిచేస్తాను.
సెంతోయా అంటారు, ఎర్రటి పెద్ద పీత, ఒళ్ళంతా ముళ్ళు.
పద్నాలుగేళ్ళుగా రాత్రి షిఫ్టులో
కాళ్ళు విరిచి మాంసం లాగుతున్నాను.
గ్లవ్స్ ఉన్నా లేనట్టే.
నా అరచేతిలో గీతలు చూసి జోస్యం చెప్పబోతే
చెప్పేవాడే పారిపోతాడు.

జూలైలో, మంచు గడప దాటిన ఒక రాత్రి,
పైకప్పు రేకొకటి లేచి కొట్టుకోవడం మొదలెట్టింది.
ఒకే చోట, ఒకే లయలో,
ఎవరో ఎవరినో కొడుతున్నట్టు.
బల్ల కింద వణుకు.
వెళ్ళకూడదని నాకు తెలుసు.
వెళ్ళాను.

వాడి పన్ను కుడి బొటనవేలి మొదట్లో దిగింది,
దిగి
ఆగింది.
ఇంకాస్త నొక్కితే ఎముక. నొక్కలేదు.
వదలనూ లేదు.
అలాగే ఉండిపోయాం ఇద్దరం,
ఆ రేకు ఊడి ఎటో ఎగిరిపోయేదాకా.

సోమవారం ఫాబియోలా వచ్చింది. కట్టు చూసింది.
"పీత" అన్నాను.
నా చెయ్యి వెలుతురుకు తిప్పి చాలాసేపు చూసింది.
పైనొక గుంట, కిందొక గుంట.
ఏ పీతకూ లేవు అలాంటి పళ్ళు.
"ఈ ఏడు పీతలు మరీ ముదురుగా ఉన్నాయి" అంది.
పెన్ను బయటికి తీయలేదు.

నేను మంచిదాన్నని చెప్పుకోవడానికి కాదు ఇదంతా.
దుష్కో మనవరాలు వచ్చే ఆదివారాలు
తలుపుకు రెండు గడియలు, మెడకు గొలుసు, మూతికి చిక్కం,
అయినా నాకు ముద్ద దిగదు.
ఆ పిల్లకు ఏమన్నా అయితే
పన్ను వాడిది,
కాటు నాది.

మూడు వారాలు పదకొండు నెలలయ్యాయి.
మారాడా, అని అడుగుతారు.
చీపురు ఇంకా పెరటి కొట్లోనే ఉంది.
నేను ఇంకా మోకాళ్ళ మీద తడిగుడ్డతోనే నేల తుడుస్తాను.
పేరు పెట్టలేదు, పెడితే ఇవ్వలేనని.
"ఏయ్" అంటే ఒక చెవి ఇటు తిప్పుతాడు, ఒకటే.

నిన్న తెల్లారుజామున షిఫ్టు నుంచి వచ్చి బూట్లు విప్పుతుంటే
బల్ల కిందనుంచి లేచాడు,
పొయ్యి దగ్గరికి నడిచాడు,
మూడు చుట్లు తిరిగి పడుకున్నాడు.
ముఖం గోడకు, వీపు నాకు.
ఇన్నాళ్ళూ రెప్ప వాల్చకుండా నన్ను కాపలా కాసినవాడు.

వెన్ను చూపడమంటే ఓడిపోవడమని కదా అంటాం.
ఒక బూటు కాలికి, ఒకటి చేతిలో.
చప్పుడవుతుందని
దాన్ని కింద పెట్టకుండా
కూర్చున్నాను, బయట బాగా వెలుతురయ్యేదాకా.